ముప్పై ఎనిమిది పోగులు

ఆదివారం పొద్దున్నే లేచి స్కేలుగారు ఆ రోజు కార్యక్రమం కాగితం మీద రాసుకున్నారు. తొమ్మిదింటికి అద్దాల కొట్టు. పదింటికల్లా ఇల్లు. పదిన్నరకు విమానాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం. పదకొండున్నరకు టౌన్‌హాలు. పోటీకి నమూనాలు పన్నెండు దాకా తీసుకుంటారు కాబట్టి ఇంకో అరగంట చేతిలో ఉంటుంది. రాయడం అయ్యాక కింద గీత కొట్టి, అలవాటు కొద్దీ సంతకం కోసం కుడివైపు మూల చోటు వదిలేశారు.

ఆ చోటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆయన ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ముప్పయ్యొక్క ఏళ్లుగా వంతెనలకూ కల్వర్టులకూ నక్షాలు గీస్తున్నారు. గీసే చెయ్యి ఆయనది, కుడివైపు మూల సంతకం ఇంజనీరుది. వంతెన నిలబడితే శిలాఫలకం మీదికి ఇంజనీరు పేరు ఎక్కుతుంది. ఎక్కడైనా అంగుళం తేడా వచ్చిందా, మెమో మాత్రం తిన్నగా ఈయన పేరు మీద వస్తుంది. ఇన్నేళ్లలో ఆయన పూర్తి పేరు ఆఫీసు కాగితాలకెక్కింది నాలుగే నాలుగుసార్లు, నాలుగూ మెమోలే. మామూలుగా ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. కంటపడ్డ ప్రతి వస్తువునూ కొలుస్తారు కనుక స్కేలుగారు అయిపోయారు.

విమానం ఒక్కటే ఆయన సొంతం. ఒకదాని పైన ఒకటిగా రెండేసి రెక్కలుండే పాతకాలపు యుద్ధవిమానానికి ముప్పై రెండో వంతు నమూనా అది. సన్నటి చెక్కపుల్లలు కోసి అతికించి, పల్చటి గుడ్డ తొడిగి, ఆకుపచ్చ రంగు వేసి, రెక్కల మీద గుండ్రటి సైనిక చిహ్నాలు దిద్దడానికి మూడు నెలలు పట్టింది. దాన్ని పాతదిగా మార్చడానికి మరో నెల పట్టింది. యుద్ధం చేసొచ్చిన విమానం పెళ్లికొడుకులా ఉంటుందా మరి? అందుకని సూది కాల్చి కింది రెక్కకు ఏడు తూటా చిల్లులు పొడిచారు. ఇంజను కింద నూనె కారిన మరకలు, చక్రాలకు బురద, పొగగొట్టం వెనక మసి, అన్నీ రంగులతోనే తెప్పించారు. రెక్కలను పట్టి ఉంచే తీగల కోసం చిరిగిన నైలాను మేజోడులోంచి పోగులు లాగి, ఒక్కొక్కటీ కొలిచి, పట్టకారుతో బిగించారు. మొత్తం ముప్పై ఎనిమిది పోగులు, పదకొండు సాయంత్రాలు. పోటీ దరఖాస్తులో 'తయారు చేసినవారు' అన్న గడిలో తన పూర్తి పేరు నక్షా మీద అక్షరాలు దిద్దినట్టు దిద్దారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాగా చేసిన పని పక్కన తన పేరు చూసుకోవాలని ఆయన కోరిక.

ఇల్లాలికి ఇవేవీ తెలియవు. ఈ నాలుగు నెలల్లో ఆవిడ ఆ గదిలోకి ఒక్కసారే తొంగి చూసింది. అప్పటికింకా అది పుల్లల గూడు. "చేపముల్లులా ఉందండీ" అనేసి వెళ్లిపోయింది. ఆయనా మళ్లీ పిలవలేదు. పాతికేళ్ల కాపురంలో ఒకరి పనిలో ఒకరు తలదూర్చకపోవడాన్నే ఇద్దరూ సుఖం అనుకుంటూ వచ్చారు.

అలాంటి మనిషి ఆ పొద్దున చెప్పులేసుకుంటూ, "టౌన్‌హాలుకి నువ్వూ వస్తావా?" అన్నారు.

"నేనా? నేనెందుకండీ?"

"ఊరికే. చూద్దువుగాని."

రోజూ గడప దాటే ముందు "ఆ గది జోలికి పోకు" అని హెచ్చరించడం ఆయనకు రివాజు. రమ్మని పిలిచిన నోటితోనే పోకు అనడం బాగుండదని ఆ రోజు మానుకున్నారు. మనిషి మెత్తబడితే ఏమవుతుందో మధ్యాహ్నానికి తెలిసొచ్చింది.

ఆయన అటు వెళ్లగానే ఇల్లాలు ఇటు కొంగు బిగించింది. ఆ విమానం టౌన్‌హాల్లో నలుగురూ చూసే వస్తువు. దుమ్ముతో వెళితే ఆయన్నెవరూ ఏమీ అనరు, 'ఇంట్లో ఆడమనిషి లేదా' అంటారు. వంటింటి గుడ్డ పట్టుకుని గదిలోకి వెళ్లి చూసి నిర్ఘాంతపోయింది. రెక్కల మధ్య ఆ చివర నుంచి ఈ చివరకు బూజు!

"దీని దుంపతెగ, ఎంత బుద్ధిగా కట్టింది!" అని సాలెపురుగును మెచ్చుకుంది కూడా. నిజంగానే ప్రతి పోగూ తిన్నగా, బిగువుగా, లెక్క ప్రకారం ఉంది. మెచ్చుకుంటూనే గుడ్డతో తుడిచేసింది. మూలల్లో పట్టుకున్నవి రాకపోతే తలలోంచి పిన్ను తీసి ఒక్కొక్కటీ ఓపిగ్గా లాగింది. ముప్పై ఎనిమిదీ వచ్చేశాయి.

అప్పుడు కనపడ్డాయి చిల్లులు. పిన్ను మొనంత ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు… ఏడు. చేతిలోని పిన్ను వైపు చూసుకుంది. ఇంజను కింద చూస్తే నల్లటి మరకలు. చేతిలోని గుడ్డ చూసుకుంది, పొద్దున పొయ్యిగట్టు తుడిచిన గుడ్డ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. గబగబా తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడికి కార్ల డెంటింగు, పెయింటింగు షెడ్డు ఉంది. పావుగంటలో సామాను వేసుకుని వచ్చి, విమానాన్ని పెరట్లో స్టూలు మీద పెట్టి, చుట్టూ తిరిగి చూశాడు.

"ఏడవకక్కా. లారీ గుద్దిన కార్లను షోరూములోంచి తెచ్చినట్టు చేసి పంపించాను. ఇదెంత?"

"ఆయనకు తెలియకుండా అయిపోవాలిరా."

"తెలిస్తే ఏం? సంతోషిస్తారు. అసలు బావగారు దీన్ని ఎలా వాడారో! ఇంజను లీకు, చక్రాలు బురద. ఈ గుండ్రాలేంటి? చూసినవాడల్లా గురిపెట్టి రాళ్లేస్తాడు."

చిల్లుల్లో లప్పం పెట్టాడు. మరకలూ మసీ బురదా ఉప్పుకాగితంతో గీకేశాడు. గుండ్రటి చిహ్నాలూ ఆ పొడిలోనే కలిసిపోయాయి. స్ప్రే గన్నులో ఒక కారు కోసం కలిపిన ఎర్రరంగు మిగిలి ఉంది. రెండు పూతలు వేసి, పైన మెరుపు పూత వేసి, వేడి దీపం కింద ఆరబెట్టాడు. పొట్ట పొడవునా వెండిరంగు పట్టీ అతికించాడు. ఎంత చూసినా ఇంకా ఏదో లోటనిపించి, రెక్కల చివర రెండు వైపులా చిన్న అద్దాలు పెట్టాడు.

"వెనకాల ఏం వస్తోందో చూసుకోవద్దూ?" అన్నాడు.

ఇదంతా అయ్యేంతసేపు స్కేలుగారు ఏం చేస్తున్నారంటే, రెండు మిల్లీమీటర్ల కోసం పోట్లాడుతున్నారు. పెట్టెకు ఒకవైపు అద్దం అంతమేర తక్కువ కోశాడు కొట్టువాడు.

"రెండు మిల్లీమీటర్లు ఎవరు చూస్తారు సార్?"

"నేను చూస్తాను."

రెండో అద్దం అంచు పెచ్చు లేచింది. మూడోది సరిగ్గా వచ్చేసరికి పదకొండు దాటింది. పెట్టెను పసిపిల్లలా రెండు చేతులా పొదివి పట్టుకుని ఇంటికొచ్చి, తిన్నగా గదిలోకి వెళ్లి, ఖాళీ బల్ల చూసి, పెరట్లోకి పరిగెత్తారు. స్టూలు మీద ఎర్రగా ఏదో ధగధగలాడుతోంది.

"నాదెక్కడ?" అన్నారు.

"ఇదేనండీ" అంది ఇల్లాలు.

ఆయన చూశారు. చాలాసేపు చూశారు. ఆవిడ బావురుమంది. "నేనే పొడిచేశానండీ, ఏడు చిల్లులు. బూజు దులుపుతుంటే పిన్ను తగిలింది. నాలుగు నెలలు కళ్లు పోగొట్టుకుని చేసుకున్నారు, నా చేతులు విరగ. వీడు రాకపోతే ఏమైపోయేదాన్నో!"

బూజు అన్న మాట దగ్గరే ఆయనకు అంతా అర్థమైంది. కోపం కొండంత వచ్చింది. చిల్లులు నేనే పొడిచాను, అది బూజు కాదు, నువ్వు తుడిచింది నా పదకొండు సాయంత్రాలు అని అరవాలనిపించింది. కానీ ఆయన వస్తువు కోసం ఆవిడ ఏడవడం పాతికేళ్లలో ఇదే మొదటిసారి. పోయినదాని కోసం ఏడవాలో, వచ్చినదాన్ని దాచుకోవాలో తేలలేదు. మింగలేక, కక్కలేక, "ఫర్వాలేదు" అన్నారు. ఆ మాట అనడంలో ఆయనకు ముప్పయ్యొక్క ఏళ్ల అనుభవం ఉంది.

"బాగుందా బావగారూ?"

"మెరుస్తోంది."

"మరి పదండి, కారు బయటే ఉంది!"

రెక్కల చివర పెట్టిన అద్దాలు అడ్డం తగిలి, విమానం పెట్టెలో పట్టలేదు. మిల్లీమీటరు తేడా లేకుండా కోయించిన పెట్టెను ఖాళీ బల్ల మీద వదిలేసి బయలుదేరారు. వెళ్లనని చెప్పడానికి ఆయన రెండుసార్లు నోరు తెరిచారు గానీ, వినే తీరిక ఎవరికీ లేకపోయింది. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా విమానం టౌన్‌హాల్లో బల్ల మీదికి చేరింది.

హాలంతా యుద్ధం నుంచి ఇప్పుడే వచ్చినట్టుంది. ఏ బల్ల మీద చూసినా బురద చక్రాలు, మసి పట్టిన పొట్టలు, తూటా దెబ్బలు. ఎవరి తీగలు వాళ్లకున్నాయి. పక్క బల్లాయన ఎర్ర విమానాన్నీ స్కేలుగారినీ మార్చి మార్చి చూసి, తల తిప్పుకున్నాడు. స్కేలుగారికి భూమి చీలితే బాగుండుననిపించింది.

న్యాయనిర్ణేత ఒక పెద్దాయన. విమానాల షెడ్డులో నలభై ఏళ్లు మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. బల్ల బల్లకూ ముఖం చిట్లించుకుంటూ వచ్చాడు. ఎర్ర విమానం దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని, మొదటిసారి నవ్వాడు.

"అబ్బ! ఇదీ విమానమంటే. నా సర్వీసంతా నూనె మరకలు తుడవడంతోనే అయిపోయిందండీ. ఒక్క చుక్క మిగిలితే పై ఆఫీసరు చంపేసేవాడు. వీళ్లేమో పనిగట్టుకుని పూస్తున్నారు! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వీళ్లు కాళ్లు కడుక్కుని మరీ అడుసు తొక్కుతున్నారు. ఎవరిదీ పనితనం?"

స్కేలుగారు నోరు తెరిచేలోపే, "మా తమ్ముడిదండీ!" అంది ఇల్లాలు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"బావగారు కూడా సాయం చేశారండీ" అన్నాడు తమ్ముడు, వినయంగా. "చెక్కపని ఆయనదే."

పెద్దాయన వంగి రెక్కల మధ్యకు చూశాడు. నవ్వు తగ్గింది. "తీగలేవీ? ఈ రకానికి ముప్పై ఎనిమిది ఉండాలి. అవి లేకుండా గాల్లోకి లేస్తే రెక్కలొక దిక్కు, పైలటొక దిక్కు. తీగలు పెట్టడం మరిచిపోయింది ఎవరు?"

తమ్ముడు నేల చూశాడు. చేతిదాకా వచ్చిన బహుమతి ఎక్కడ జారిపోతుందోనని ఇల్లాలు గుడ్లప్పగించి భర్త వైపు చూసింది. నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ఆ ఒక్క ముక్కతో ఆవిడ ఇంత హాలులో దోషిలా నిలబడుతుంది.

"నేనేనండీ" అన్నారు స్కేలుగారు.

"మీ పేరు?"

ఆయన పూర్తి పేరు చెప్పారు. పెద్దాయన శ్రద్ధగా రాసుకున్నాడు. సాయంత్రం ఇచ్చిన ప్రశంసాపత్రంలో 'రంగులు, మెరుగు: ప్రథమ బహుమతి' అని పైన తమ్ముడి పేరు ఉంది. కింద సన్నక్షరాల్లో 'నిర్మాణ లోపం: తీగలు అమర్చలేదు. బాధ్యులు' అని రాసి, స్కేలుగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మనసులో మెమోల లెక్కకు ఐదో అంకె వేసుకున్నారు.

ప్రశంసాపత్రంతో పాటు విమానాన్నీ తమ్ముడు తన షెడ్డుకు తీసుకెళ్లి, వచ్చేవాళ్లకు కనపడేలా గుమ్మానికి వేలాడదీశాడు. ఇంటికొచ్చాక ఇల్లాలు మనసాపుకోలేకపోయింది.

"కోప్పడనంటే ఒక మాటండీ. ముప్పయ్యేళ్లుగా నక్షాలు గీసే మనిషి తీగలు మరిచిపోవడమేంటి? ఆ సాలెపురుగు నయం. పొద్దున మీరు చూడలేదు గానీ, ఎంత చక్కగా కట్టిందనుకున్నారు! ఒక్క పోగు వంకర లేదు. దాన్ని చూసైనా నేర్చుకోవాల్సింది."

"అంత బాగా కట్టిందా?" అన్నారాయన.

"నిజంగానండీ. దులపడానికి చేతులు రాలేదు."

ఆ పనికి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. అదీ ఆయన పేరు మీద రాలేదు.

నెల తిరక్కుండా బల్ల మీది ఖాళీ అద్దాల పెట్టెలో నిజంగానే ఒక సాలెపురుగు గూడు పెట్టింది. ఈసారి ఆవిడ గుడ్డ పట్టుకుని గుమ్మంలోనే ఆగి, "దులపనా?" అని అడిగింది. స్కేలుగారు జేబులోంచి స్కేలు తీసి, అద్దానికి ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరకు కొలిచారు.

"ఉండనీ" అన్నారు. "దానికింకా మెమో రాలేదు."