అమ్మ వీపు మీద మూడు వాటాలు

ఇంట్లో మతిమరుపు జబ్బు మనిషి ఉంటే మీరు చెయ్యాల్సిన మొదటి పని డాక్టరు దగ్గరికి పరుగెత్తడం కాదు. ఫోన్లో ఒక ఫ్యామిలీ గ్రూపు పెట్టడం! నా మాట నమ్మండి. ఏడో క్లాసు మధ్యలో బడి మానేసి, ముప్పై ఏళ్లుగా స్కూటర్లు విప్పి బిగిస్తున్న చేతులతో ఇది రాస్తున్నాను. అబద్ధాలు అందంగా చెప్పేంత చదువు నాకు లేదు.

మా గ్రూపు పేరు ‘అమ్మ సేవలో’. సభ్యులం ముగ్గురం: ఆఫీసులో సూపరింటెండెంటు అయిన అన్నయ్య, బడిలో లెక్కలు చెప్పే అక్కయ్య, నేను. కోడళ్లకూ అల్లుడికీ ప్రవేశం లేదు. రక్తసంబంధం అంటే ఏమనుకున్నారు మరి?

ముగ్గురం ఒకే ఇంట్లో మూడు వాటాల్లో ఉంటాం. అమ్మ ఉండేది కింద, నా షెడ్డును ఆనుకున్న గదిలో. ఆవిడకు నీళ్లు పోసేది, తల దువ్వేది, తప్పిపోకుండా వీధి తలుపు దగ్గర కాపలా కాసేది నా భార్య. కానీ అవన్నీ పనులు. పనికీ సేవకీ తేడా ఉంది. సేవకు ఫొటో ఉంటుంది.

అమ్మది అల్జీమర్స్ అని తేలాక డాక్టరు మొదట మాత్రలు ఇచ్చాడు. అమ్మ వాటిని దవడన దాచుకుని, మనం అటు తిరగ్గానే పూలకుండీలో ఉమ్మేసేది. ఆ కుండీలో మొక్కకు ఇప్పుడు అన్నీ గుర్తుండి ఉండాలి! దాంతో ఒంటికి అతికించే పట్టీ రాశాడు. మందు చర్మంలోంచి రోజంతా మెల్లగా దిగుతుంది. వీపు మీదైతే అమ్మకు చెయ్యందదు, పీకెయ్యదు. రోజుకొకటి చొప్పున, రోజూ చోటు మార్చి పెట్టమన్నాడు.

పాపం, ఆయన ‘చోటు’ అనే మాట మా ముందు అనకుండా ఉండాల్సింది. అది చెవిన పడితే మేం కొలతల టేపు తీస్తాం. నాన్న పోయాక మెట్లు కూడా పంచుకున్నవాళ్లం మేము. పదమూడు మెట్లు, తలా నాలుగు. మిగిలిన ఒక్క మెట్టునూ ఇప్పటికీ ఎవరూ ఊడవరు.

కాబట్టి అమ్మ వీపు కూడా న్యాయంగా పంచుకున్నాం. పెద్దవాడు గనక కుడి భుజం కింద అన్నయ్యకు. ఎడమ భుజం కింద అక్కయ్యకు. నాకు ఎప్పటిలాగే కింది వాటా, నడుము పైన. ఒకరి తర్వాత ఒకరికి రోజు వంతు. ఎవరి వంతు రోజున వాళ్లు తమ పాత పట్టీ తీసి, తుడిచి, కొత్తది తమ వాటాలో పెట్టి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. తక్కిన ఇద్దరూ బొటనవేలు ఎత్తాలి. పక్కవాళ్ల వాటాలో వేలు పెట్టకూడదు. ఇంత క్రమశిక్షణ ఏ ఆసుపత్రిలో ఉందండీ?

మందు డబ్బాలో ఒక చీటీ ఉంది. విప్పితే దుప్పటంత, అక్షరాలు చీమ కాళ్లంత. అన్నయ్య చదువుకున్నవాడు. భూతద్దం పెట్టి మొత్తం చదివి పద్నాలుగు వాయిస్ మెసేజ్‌లు పంపాడు. కొత్తది పెట్టేముందు పాతది తీసెయ్యాలన్న ముక్క తొమ్మిదో దాంట్లో ఉందట. మేం రెండోదాని దగ్గరే బొటనవేలెత్తి వచ్చేశాం. చదివిన ఆయన మటుకు? పాతదంటే తన పాతదే అనుకున్నాడు. అక్కయ్య రంగు పెన్నులతో చార్టు గీసింది. అందులో ఒక్క రోజు కూడా తప్పలేదు. లెక్కల టీచరు గదా, వీపు మీద ఉన్నవి తప్ప అన్నీ లెక్కపెట్టింది.

ఒకరోజు నా భార్య తడి తువ్వాలుతో షెడ్డు గుమ్మంలో నిలబడింది.

“ఏమండీ, అత్తయ్య వీపు మీద ఎప్పుడు చూసినా మూడుంటున్నాయి. పాతవి తీసెయ్యనా?”

“అందులో నాది ఒక్కటే. తక్కినవి ముట్టుకున్నావో, పైనుంచి ఇద్దరూ దిగుతారు. నీకెందుకు?”

“నాకెందుకా? నిన్నటినుంచి ఆవిడ ఏం పెట్టినా కక్కేస్తోంది. ఎత్తిపోసేది నేనేగా.”

చూశారా, గ్రూపులో లేనివాళ్లకు విషయం ఎలా అర్థం కాదో!

గ్రూపులో ఉన్న మేం మాత్రం వెంటనే చర్చించాం. అన్నయ్య గ్యాస్ అన్నాడు. అమ్మ తూలుతోంది కాబట్టి కళ్లజోడు మార్చాలంది అక్కయ్య. నేను ఎండ అన్నాను. ఆఖరికి జబ్బు ముదిరిందని, డాక్టర్ని అడిగి ఇంకాస్త గట్టి పట్టీ రాయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. బొటనవేళ్లు లేచాయి. అదే పూట అమ్మ బాత్రూము గడప దగ్గర కళ్లు తేలేసి కూలబడింది.

ఆసుపత్రిలో నర్సు నాడి పట్టుకుని మొహం చిట్లించింది. మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందట. వీపు మీద బట్ట తొలగించి పట్టీలు లెక్కపెట్టింది. ఒంటి మీద ఎప్పుడూ ఒక్కటే ఉండాలని, ఎక్కువైతే వాంతులు, కళ్లు తిరగడం, గుండె నెమ్మదించడం ఇలాగే ఉంటుందని చెప్పి, తీసెయ్యబోయింది. అన్నయ్య ముందుకొచ్చాడు.

“నాది నేను తీస్తానండి.”

నర్సు ఆయన్ని చూసింది. ఆ మూడింటినీ చర్రు చర్రుమని పీకి పడేసింది. మా ముప్పై ఏళ్ల సరిహద్దు తగాదాలు ఇంత తొందరగా ఎవరూ తీర్చలేదు.

“రోజూ ఈవిడకు నీళ్లు పోసేది ఎవరు?” అంది.

మేం ముగ్గురం ఫోన్లు చూసుకున్నాం. వెనకాల మాసిన బట్టల సంచి పట్టుకుని నా భార్య నిలబడి ఉంది. నర్సు మమ్మల్ని దాటుకుని వెళ్లి ఆమెతో మాట్లాడింది. ఇక పట్టీ ఒక్క చెయ్యే పెట్టాలి. డాక్టరు చెప్పేదాకా కొత్తది వద్దు. ఆ తర్వాత కూడా ముందు వీపంతా చూసి పాతది తీసి, అప్పుడే కొత్తది.

అమ్మ తేరుకుంది. కొన్నాళ్లకు డాక్టరు మళ్లీ మొదలుపెట్టించాడు. ఇప్పుడు నా భార్య నిన్నటి పట్టీ తీసి, జిగురు లోపలికి మడిచి మూత ఉన్న డబ్బాలో పడేస్తుంది. ఆరిన ఒంటి మీద వేరే చోట కొత్తది అద్ది, చేతులు కడుక్కుని, క్యాలెండరు మీద గీత పెడుతుంది. నిమిషం పని. మేం ముగ్గురం, ఒక చార్టు, పద్నాలుగు వాయిస్ మెసేజ్‌లు కలిసి మూడు నెలలు చెయ్యలేకపోయిన పని.

అలాగని గ్రూపు మూసేశామనుకున్నారా? ముగ్గురు తెలివైనవాళ్లు కలిస్తేగాని ఇంత తప్పు సాధ్యం కాదు. అలాంటి శక్తిని వదులుకుంటామా?

నిన్న అమ్మ పక్కన కూర్చున్నాను. నన్ను ఎగాదిగా చూసి, మెకానిక్కువా, మా ఇంట్లో బాగుచెయ్యాల్సిన బండేం లేదే అంది. నేను నీ చిన్నకొడుకునమ్మా అన్నాను. అమ్మ నా భార్య చెయ్యి పట్టుకుంది.

“నాకు కొడుకులెక్కడున్నారు నాయనా? నాకున్నది ఈ పిల్లొక్కతే.”

అమ్మకు జ్ఞాపకశక్తి బాగా మెరుగైందని వెంటనే గ్రూపులో పెట్టాను.