ఆగస్టులో వేడినీళ్లు

ఆ రోజు ప్రభుకిరణ్ పథకం చాలా చిన్నది. వేడినీళ్ల స్నానం చేసి, పదకొండింటికి షార్జాలో ఇంటర్వ్యూకు వెళ్లడం. మెడ మీద వేడినీళ్లు పడితే భయం కరుగుతుందని ఎక్కడో చదివాడు. కరగాల్సిన భయం చాలానే ఉంది. భీమవరం నుంచి గల్ఫ్‌లోని అజ్మాన్ వచ్చి మూడు వారాలైంది, మూడు ఇంటర్వ్యూలు పోయాయి. ఇదీ పోతే, విజిట్ వీసా ముగిసి, నర్సుగా పనిచేస్తున్న భార్య తబితను ఇక్కడే వదిలి వెనక్కి పోవాలి.

రోజూ బకెట్ నింపిపెట్టే తబిత ఆ రోజు తెల్లారకముందే డ్యూటీకి వెళ్లిపోయింది. ప్రభుకిరణ్ ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పాడు. గోరువెచ్చని నీళ్లు వచ్చాయి. బయటికొచ్చి చూస్తే గీజరు స్విచ్ ఆపి ఉంది. మామూలు మనిషైతే స్విచ్ వేసి ఊరుకునేవాడు. అతను స్విచ్ వేసి, సంపాదన లేని భర్త మీద భార్య అంతశ్చేతనలో పేరుకున్న కోపం గురించి పది నిమిషాలు ఆలోచించాడు. నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. తబితకు ఫోన్ చేయడానికి అభిమానం అడ్డొచ్చింది. వాచ్‌మన్ ఖాదర్ హుస్సేన్‌ను పిలిచి, నీళ్లు అస్సలు బాగోలేవని చెప్పాడు.

ఆగస్టులో నీళ్లు బాగోలేవంటే కాలిపోతున్నాయని అర్థం. కరీంనగర్ నుంచి వచ్చి పన్నెండేళ్లుగా అక్కడే ఉంటున్న ఖాదర్ హుస్సేన్‌కు అందులో సందేహమే లేదు. గీజరు స్విచ్ వేసి ఉండటం చూసి, జాలిపడి ఆపేశాడు.

"ఖలాస్ సార్. గంటసేపు ఆగుండ్రి, మంచిగైతయ్."

ప్రభుకిరణ్ గంటసేపు సోఫాలో కూర్చుని, తన గురించి తాను చెప్పుకోవలసిన నాలుగు వాక్యాలు వల్లించాడు. తర్వాత కుళాయి తిప్పితే నీళ్లు ముందుకన్నా చల్లగా ఉన్నాయి. మళ్లీ కబురు పెట్టాడు. ఖాదర్ హుస్సేన్ ఈసారి కింది కొట్టు నుంచి ఐసు సంచి మోసుకొచ్చి బకెట్లో కుమ్మరించాడు.

"నేను అడిగిందేంటి, నువ్వు తెచ్చిందేంటి? ఎగతాళిగా ఉందా?"

"ఎగతాళి కాదు సార్. నేను గూడ గిట్లనే జేస్త."

ప్రభుకిరణ్ తలుపు వేసుకున్నాడు. భార్య, వాచ్‌మన్, గీజరు ఒక్కటైన ఈ లోకంలో మనిషికి మిగిలేది ఆత్మగౌరవమే అనిపించింది. చన్నీళ్లతోనే స్నానం చేసి అందరికీ బుద్ధి చెప్పాలని, నీలం కుళాయి పూర్తిగా తిప్పి, కళ్లు మూసుకుని షవరు కింద నిలబడ్డాడు.

కేక మూడో అంతస్తు దాకా వినిపించింది. ఖాదర్ హుస్సేన్ తలుపు బయటి నుంచే ఓపిగ్గా వివరించాడు.

"అది మిద్దె మీద ట్యాంకు నీళ్లు సార్, ఎండకు మసులుతయ్. అందుకే గీజర్ బంద్ జేసి అండ్ల నీళ్లను సల్లార్చుకుంటం. ఎండకాలం ఎర్రది సల్లగ, నీలంది వేడిగ. మేడమ్ చెప్పలే?"

ఇంటర్వ్యూకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా, ఉడికిన పీతలా వెళ్లాడు. అది భవనాల మరమ్మతులు చేసే కంపెనీ. ముఖానికేమైందని ముదీర్, అంటే అక్కడి మేనేజరు, అడిగాడు. వల్లించిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాక ప్రభుకిరణ్ జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ముదీర్ నవ్వలేదు.

"ఇలాంటి ఫోన్లు మాకు రోజుకు యాభై వస్తాయి. నవ్వకుండా వినేవాడు ఒక్కడూ దొరకలేదు. నీకు నవ్వొస్తుందా?"

"రాదు సార్," అన్నాడు ప్రభుకిరణ్, చెంప తడుముకుంటూ.

సోమవారం నుంచి ఫిర్యాదుల విభాగంలో చేరమన్నారు. ఉద్యోగం ఎలా వచ్చిందని తబిత అడిగితే, అనుభవం చూసి ఇచ్చారన్నాడు.