పెన్సిల్ రాతే అసలు కొలత

లెక్చరరుగారు నలభై మందిమీద ఫిర్యాదు రాస్తున్నారని పక్కింటావిడ ఇస్త్రీ అతనితో చెప్పిందట. మనిషికో కార్డు చొప్పున కేటాయించి, రాసినంతసేపు రాసి, మధ్యలో లేచి గదిలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారట. కిటికీ తీసి ఉంది కాబట్టి కనపడిందే తప్ప తనకు తొంగిచూసే అలవాటు లేదని కూడా చెప్పిందట. ఈ మాట వీధంతా తిరిగి మూడోరోజుకి, బయల్దేరిన గోడకి ఇవతలి వైపే ఉన్న లెక్చరరుగారి భార్య కుట్టు దుకాణానికి చేరింది. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ విని, నలభై మంది కాదు, నలభై వ్యాసాలని సరిదిద్దింది. ఆ దిద్దుబాటు మాత్రం వీధిలోకి వెళ్ళలేదు.

సంగతేమిటంటే, లెక్చరరుగారు వ్యాపార నిర్వహణ పాఠాలు చెబుతారు. ఆరేళ్ళుగా అందులోనే పిహెచ్‌డి కూడా చేస్తున్నారు. నలభై పరిశోధన వ్యాసాలు చదివి, ఏ వ్యాసంలో ఏముందో, ఎంతవరకు పనికొస్తుందో నాలుగేసి వాక్యాల్లో రాసి జాబితా ఇమ్మన్నారు గైడుగారు. రెండు గడువులు దాటిపోయాయి. మూడోది ఈరోజు పన్నెండింటికి. అదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పిహెచ్‌డి లేనివాళ్ళకి వచ్చే ఏడాది నుంచి తన కాలేజీలో క్లాసులుండవని ప్రిన్సిపాలు నవ్వుతూనే చెప్పేశాడు.

ఆయన పద్ధతి ఆయనది. ప్రతి కార్డుమీదా పైన ఇంకుతో మర్యాదగా నాలుగు వాక్యాలు రాసేవారు: ఇది విలువైన కృషి, లోతైన పరిశీలన, ఇలాంటివి. కింద పెన్సిల్‌తో తన మనసులో మాట. విందుకి వెళ్ళి ఎదుట బాగుందని మెచ్చుకుని, వీధి మలుపు తిరిగాక ఉప్పు సంగతి ఎత్తడం లాంటిదన్నమాట. ఆ పెన్సిల్ రాత లేకపోతే ఆయనకి ఇంకు కదిలేది కాదు.

ఈరోజు ఉదయానికి కార్డులన్నీ తయారుగా ఉన్నాయి. టైపు చేసుకుందామని కూర్చోగానే కాలేజీ నుంచి ఫోన్: పరీక్ష హాల్లో కాపలాకి రావాల్సిన మనిషికి జ్వరం, మీరు తొమ్మిదికల్లా రండి అని. లెక్చరరుగారు ఒక చెప్పు తొడిగి రెండోది వెతుక్కుంటూ, కార్డులు, లాప్‌టాప్ తీసుకెళ్ళి భార్య కుట్టుమిషన్ పక్కన పెట్టారు.

"కార్డుల్లో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి, పన్నెండులోపల గైడుగారికి మెయిల్ చెయ్యి. ఒక్క అక్షరం మార్చొద్దు."

"రెండు రాతలున్నాయేంటండీ ఇందులో?" అని ఆవిడ అడిగేటప్పటికి ఆయన సందు దాటారు. పరీక్ష హాల్లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు.

భార్య తన బుద్ధి కొద్దీ ఆలోచించింది. ఆవిడ దుకాణంలోనూ కొలతల కార్డులున్నాయి. మనిషి రాగానే తీసిన కొలత ఇంకుతో రాస్తుంది. బట్ట ఒకసారి తొడిగి చూశాక ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ వేలాడుతోందో ఆ కార్డుమీదే కింద పెన్సిల్‌తో దిద్దుకుంటుంది. కత్తెర పట్టాక చూసేది పెన్సిల్ రాతనే. ఇంకు రాత చూసి కుట్టిన కోటు ఇంతవరకు ఎవరికీ సరిపోలేదు. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న పద్ధతి ఈరోజెందుకు పనిచేయదు?

అప్పుడే కోటు గుండీ కోసం వచ్చిన పక్కింటావిడ, ఊరికే కూర్చోలేక కార్డులు చదివి వినిపిస్తానంది. ఒకరు చదువుతూ, ఒకరు టైపు చేస్తూ పదకొండున్నరకల్లా ముగించారు. ఫిర్యాదన్న తన మాట అబద్ధం కాదని పక్కింటావిడకి ప్రతి కార్డుకీ నమ్మకం పెరిగింది. కొన్ని కార్డులైతే రెండేసిసార్లు చదివింది.

పన్నెండున్నరకి లెక్చరరుగారు హాల్లోంచి బయటికొచ్చి, పంపిన కాపీ ఫోన్‌లో తెరిచారు. మొదటి వ్యాసం, ఉద్యోగుల ఉత్సాహం గురించి: "చదువుతూ రెండుసార్లు నిద్రపోయాను." ఆయన కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివారు. నిద్ర నిద్రే. కంగారుగా ఏడో వ్యాసానికి వెళ్ళారు. అది గైడుగారు స్వయంగా రాసింది. "చదవలేదు. గైడుగారిది కాబట్టి పెట్టాను."

గైడుగారి ఫోన్ స్విచ్ ఆఫ్‌లో ఉంది. భార్యకి ఫోన్ చేస్తే ఆవిడ తాపీగా పెన్సిల్ సంగతి చెప్పింది. అరవడానికి కూడా టైము లేదు. కార్డులన్నీ పట్టుకుని యూనివర్సిటీకి రమ్మని చెప్పి, ఆయన బస్సెక్కారు. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణించారు. కూర్చుంటే బస్సు ఆలస్యమవుతుందేమోనన్నంత తొందర.

పరిశోధన విభాగంలో గుమాస్తా చావు కబురు చల్లగా చెప్పాడు. జాబితా అందగానే గైడుగారు చదివి ఆమోదించానని సంతకం చేసి కమిటీకి పంపేశారు. కమిటీలో ముగ్గురు: గైడుగారు, విభాగాధిపతి, అధ్యక్షురాలు. లోపల సమావేశం మొదలైంది, మూడు కాపీలూ వాళ్ళ ముందున్నాయి.

"తెరిచారా?" అని లెక్చరరుగారు అడిగారు.

ఇంకా లేదనీ, టీ తాగుతున్నారనీ గుమాస్తా చెప్పాడు. లెక్చరరుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అది తప్పు కాపీ అనీ, దయచేసి ఎవరూ చదవొద్దని చెప్పి వెనక్కి తెమ్మనీ బతిమాలారు. గుమాస్తా మంచివాడు. చెప్పిన పని చెప్పినట్టే చేస్తాడు. లోపలికి వెళ్ళి గట్టిగా ప్రకటించాడు.

"జాబితా ఎవరూ చదవొద్దటండి."

అప్పటిదాకా టీ కప్పుల కింద అణిగి ఉన్న మూడు కాపీలూ ఒక్కసారి లేచాయి. ఎవరైనా ముందు తమ పేరే వెతుక్కుంటారు కదా. వాళ్ళని మంచి చేసుకుందామని లెక్చరరుగారు ముగ్గురి వ్యాసాలూ చేర్చి ఉన్నారు. విభాగాధిపతి వ్యాసం కింద ఇలా ఉంది: "పన్నెండు మందిని అడిగి పరిశ్రమంతా ఇంతే అన్నారు. ఆ పన్నెండు మందీ వీరి విద్యార్థులే." అధ్యక్షురాలి వ్యాసం కింద: "పదేళ్ళ కిందటి వ్యాసానికి కొత్త శీర్షిక. అంకెలు కూడా మార్చలేదు."

తలుపు బయట నిలబడ్డ లెక్చరరుగారికి లోపలి నుంచి మొదట ఒకరి నవ్వు, ఆ వెంటనే ఇంకొకరి దగ్గు వినిపించాయి. ఎవరి వ్యాసం గురించి రాసింది వారికి ఘోరమైన అన్యాయం. మిగతా ఇద్దరి గురించి రాసింది మాత్రం అక్షరసత్యం. ఆ లెక్కన ప్రతి వ్యాఖ్యా ఒకటికి రెండు ఓట్లతో నిలబడింది. అయినా కోపానికి ఓట్లతో పనేముంది? ఆయన్ని లోపలికి పిలిచారు. అప్పుడే కార్డుల సంచితో, మెడలో కొలత టేపు తీయడం మర్చిపోయి వచ్చిన భార్య కూడా వెనకాలే వెళ్ళింది.

తప్పంతా తనదేననీ, ఇంకు రాతలు వేరే ఉన్నాయనీ ఆవిడ కార్డులు బల్లమీద పరిచింది. వాటినెవరూ చూడలేదు. రిజిస్ట్రేషన్ రద్దు చేయడమే మంచిదని అధ్యక్షురాలు గుమాస్తాని తీర్మానం కాగితం తెమ్మంది.

గుమాస్తా కదల్లేదు. అది రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళిపోయిందన్నాడు. ఎప్పటిలాగే టీ రాకముందే ముగ్గురి చేతా సంతకాలు చేయించాననీ, 'క్షుణ్ణంగా చదివి, చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఎప్పుడూ ఉండే వాక్యమే అందులో ఉందనీ చెప్పాడు. వెనక్కి తెప్పించాలంటే చదవకుండా సంతకం చేశామని ముగ్గురూ విడివిడిగా రాసివ్వాలట.

విభాగాధిపతి కళ్ళజోడు తుడుచుకున్నారు. అధ్యక్షురాలు ఖాళీ కప్పులోంచి టీ తాగింది. తన రిజిస్ట్రేషన్ బతికిందని లెక్చరరుగారికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. సంతోషించవచ్చో లేదో తెలియక ఆయన ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారుతున్నారు.

గైడుగారికి మాత్రం మింగుడు పడలేదు.

"ఆమోదం సంగతలా ఉంచు. అసలు చదవకుండా నా వ్యాసాన్ని జాబితాలో ఎలా పెట్టావయ్యా?"

భార్య కార్డులు సంచిలో సర్దుకుని, మెడలోని టేపు తీసి చుట్టుకుంటూ ఆయన తరఫున చెప్పింది.

"మీరు సంతకం పెట్టినట్టేనండి."