కదలని మనిషి కోసం

ఆఫీసుకు వెళ్ళేలోపు ఒక్క మనిషినైనా పూర్తిగా గీసెయ్యాలని స్నేహలత ఆ పొద్దున పంతం పట్టి బయలుదేరింది. హిమాయత్‌నగర్‌లో ఆమె వెళ్ళే బొమ్మల క్లాసులో సాయంత్రం అది చూపించాలి. లేకపోతే మళ్ళీ కుండలూ అరటిపళ్ళూ గీయడమే గతి. ఆర్నెల్లుగా ఆమె స్కెచ్‌బుక్‌లో తలలున్నవాళ్ళకు కాళ్ళు లేవు, కాళ్ళున్నవాళ్ళకు తలలు లేవు. ఈ ఊళ్ళో మనిషన్నవాడు ఒక్కచోట నిలబడితే కదా!

మొజంజాహీ మార్కెట్ ముందు జామకాయలమ్మే గట్టయ్య తన బండి దగ్గర బుద్ధిగా కూర్చుని కనిపించాడు. ఆమె ఎదురుగా నిలబడి చూస్తూ, గీస్తూ, మళ్ళీ చూస్తూ బొమ్మలో ముక్కు దాకా వచ్చింది. తన మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతున్న సంగతే ఆమెకు గుర్తు లేదు. గట్టయ్యకు మాత్రం ముందు అదే కనబడింది. మెడలో కార్డు, చేతిలో పుస్తకం, బండిని ఎగాదిగా చూడటం. ఫుట్‌పాత్ మీద బతికేవాడికి, బండ్లు తీయించే మున్సిపాలిటీ మనిషని అనుకోడానికి ఇంకేం కావాలి?

"మేడమ్, ఏం రాస్తున్రు?"

"మీ గురించే కాకా. జర గట్లనే కూసోండ్రి, కదలొద్దు."

"నా గురించా!" గట్టయ్య లేచి బండి తోశాడు. "అరె, సర్వేకొచ్చిన్రు! బండ్లు తియ్యున్రి, జల్దీ!"

వెనకే బత్తాయిల బండి, చెప్పులవాళ్ళు, సాక్సులవాళ్ళు. "ఆగుండ్రి కాకా!" అని స్నేహలత అరిచినకొద్దీ వాళ్ళు ఇంకా ఉరికారు. చూస్తుండగానే నాంపల్లి వైపు ఫుట్‌పాత్ ఊడ్చినట్టు ఖాళీ అయిపోయింది.

చౌరస్తాలో కానిస్టేబుల్ పరశురాం అది చూసి కంగారుపడ్డాడు. ఫుట్‌పాత్ ఇంత ఖాళీగా ఉండటం ఆయన మంత్రుల కార్లు వచ్చే రోజునే చూశాడు. మరి తనకెవరూ చెప్పలేదేం? ఎందుకైనా మంచిదని విజిలేసి, చెయ్యెత్తి, నాలుగు వైపులా ట్రాఫిక్ ఆపేశాడు.

ఏడుపు మొహంతో తలెత్తిన స్నేహలత అలాగే ఉండిపోయింది. చౌరస్తా మొత్తం ఆగిపోయింది. హారన్లు కూడా ఆగి, మార్కెట్ గడియారం గోపురం మీది పావురాల చప్పుడు వినిపిస్తోంది. వచ్చేదెవరా అని అందరి చూపూ అబిడ్స్ వైపే. ఆటోలోంచి మెడ చాచిన ముసలావిడ, తండ్రి భుజం మీద గడ్డం ఆనించిన బడిపిల్ల, ఒంటికాలు నేల మీద మోపిన స్కూటరతను. రోజూ రాసుకుంటూ పూసుకుంటూ పోయే మనుషులే. ఇంత అందంగా ఉంటారా వీళ్ళు? ఆమెకు ఒళ్ళు పులకరించింది, కళ్ళు చెమర్చాయి. పెన్సిల్ తనంతట తానే పరుగు తీసింది.

ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి పరశురాం ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఏ ఆఫీసోళ్ళు మీరు? మంత్రి సారు ఎప్పుడొస్తున్రు?"

"మంత్రి ఏందన్నా? నేను బొమ్మ గీస్తున్న."

తిట్టడానికి నోరు తెరిచి, పుస్తకంలోకి చూశాడు పరశురాం. అందులో అంత జనాన్నీ ఒక్క చేత్తో ఆపి నిలబడి ఉన్నది తనే, తల నుంచి బూట్ల దాకా.

"గింత గొప్పగున్ననా నేను?" అన్నాడు మెల్లగా. "ఇంకేమన్న మిగిలిందా?"

"మీ వేళ్ళు మిగిలినయ్ అన్నా."

పరశురాం గబగబా వెనక్కి వెళ్ళి మళ్ళీ చెయ్యెత్తాడు.

లక్డీకాపూల్‌లోని ఆఫీసుకు ఆలస్యంగా చేరిన స్నేహలత, ఎవరో మంత్రిగారి కోసం ట్రాఫిక్ ఆపేశారని చెప్పింది.