అధ్యక్షుల వారి పదివేల అడుగులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ మూడు ఊళ్లలో షుగర్ వ్యాధి వచ్చే ఉగాదితో రద్దయిపోతుంది. ఈ మేరకు 'మూడూళ్ల మధుమేహ నిర్మూలన సమితి' ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం నెగ్గిన సంతోషంలో సభ్యులు బగారా అన్నం, డబుల్ కా మీఠా తిని, ఒకరి మాత్రలు ఒకరు అడిగి వేసుకుని ఇళ్లకు వెళ్లారు.

సమితి అధ్యక్షుడు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న మురళీధర్. ఎన్నికకు నియమం ఒక్కటే: సభ్యులందరిలో ఎవరి షుగర్ ఎక్కువో వారే అధ్యక్షులు. అనుభవాన్ని గౌరవించాలి కదా. మూడు నెలల సగటు పదకొండు పాయింట్ రెండుతో మురళీధర్‌కు పోటీయే లేకపోయింది. కోదాడ శాఖ కార్యదర్శి, హైవే పక్క మిఠాయి కొట్టు గోపయ్య తొమ్మిదిన్నర దగ్గరే ఆగిపోయి, "ఇంకో ఆర్నెల్లు టైమిస్తే చూపించేవాణ్ణండీ" అని నొచ్చుకున్నాడు.

అంతా బాగానే ఉండేది. మధ్యలో సూర్యాపేట డాక్టర్ ఉమారాణి అడ్డం పడింది.

"మురళీధర్ గారూ, పళ్లెంల సగం కూరలుండాలె. పావు పప్పు, పావు మాత్రమే అన్నం. తిన్నంక నడువుండ్రి. మాత్రలు తప్పొద్దు. రోజూ అరికాళ్లు చూసుకోండ్రి. స్పర్శ తగ్గినా, చిన్న పుండు కనిపించినా ఆ రోజే రావాలె, లేకుంటే కాలుకే ముప్పు. మూడు నెలల్ల దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పది."

కాలు సంగతి మురళీధర్ చెవికి ఎక్కలేదు. సూది మాత్రం గుండెలో దిగింది. కరోనా టీకా రోజున ఆయన్ని నలుగురు పట్టుకోవలసి వచ్చిందని మిర్యాలగూడలో తెలియనివాళ్లు లేరు.

మూడు నెలలు. గడియారం తిరగడం మొదలైంది.

మురళీధర్ ఆలోచించాడు. నలభై ఏళ్లుగా మిల్లు ఆయనదే. ఆ నలభై ఏళ్లలో ఆయన ఒక్క బస్తా ఎత్తలేదు. అయినా బస్తాలు లేచాయి, లారీలు కదిలాయి, పేరు ఆయనకే వచ్చింది. ప్రతి పనికీ ఒక మనిషి ఉంటాడు. నడక కూడా పనే కదా!

మిల్లు గేటు దగ్గర కాపలా కిష్ట్యా కుర్చీలో కూర్చున్నాడు. గరిడేపల్లి వైపు తండా మనిషి. ఒకప్పుడు బస్తాలు మోసినవాడు. పదేళ్లుగా ఆ కుర్చీలోనే ఉంటూ, మూడు పూటలా మిల్లు నూకల అన్నం తిని షుగర్ తెచ్చుకున్నాడు. సర్కారు దవాఖానలో ఇచ్చిన కాగితం మీద తొమ్మిది పాయింట్ ఒకటి అని ఉంది.

మురళీధర్ తన చేతి నుంచి అడుగులు లెక్కపెట్టే గడియారం తీసి అతని చేతికి కట్టాడు.

"కిష్ట్యా, ఇగ రోజూ పదివేల అడుగులు నడువు."

"నేనెందుకు నడుసుడు సేటూ? షుగర్ మీకున్నది గద."

"నీకు లేదా?"

"నాకూ ఉన్నది."

"మరి ఇద్దరికీ ఒక్కడు నడిస్తే సాలు. డబుల్ ఖర్చెందుకు?"

మరునాటి నుంచి సమితి వాట్సాప్ గ్రూపులో అధ్యక్షుల వారి అడుగులు వెలిశాయి. పదివేల నూట పన్నెండు. పదకొండు వేల నలభై. సభ్యులు దండాల బొమ్మలు పెట్టారు. "యువతకు ఆదర్శం" అన్నారు. ఆదర్శం ఆ సమయంలో మిల్లు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఉండేది.

తిండి సంగతి కూడా అలాగే పరిష్కారమైంది. భార్య స్వరాజ్యలక్ష్మి డాక్టరమ్మ చెప్పినట్టే జొన్నరొట్టె, పప్పు, రెండు కూరలు, గుప్పెడు అన్నంతో డబ్బా కట్టి పంపేది. డబ్బా తిన్నగా గేటు దగ్గరికి వెళ్లేది. నడిచేవాడే తినాలి. న్యాయం న్యాయమే.

మరి సేటు? ఆయన తినేవాడు కాదు. శాంపిల్ చూసేవాడు. మిల్లులో ఆడించిన ప్రతి రకం బియ్యాన్నీ చిన్న కుక్కర్‌లో వండి, యజమాని నోట్లో వేసుకుని, పలుకు చూసి, మెత్తన చూసి, సరేననాలి. అది ఆ వ్యాపార ధర్మం. రోజుకు ఏడు శాంపిళ్లు, సీజన్‌లో తొమ్మిది. ఉత్త అన్నం రుచి తేలదు కనుక పక్కన నెయ్యి, ఆవకాయ.

"ఏం తిన్నరు ఇయ్యాల?" అని స్వరాజ్యలక్ష్మి అడిగితే, "నువ్వు పంపిందే. నడుమ జర శాంపిల్ సూసిన," అనేవాడు. అబద్ధం ఆడుతున్నానని ఆయన ఒక్క క్షణం కూడా అనుకోలేదు. శాంపిల్ అన్నం అన్నంలోకి రాదని మిర్యాలగూడలో ఏ మిల్లు వారిని అడిగినా చెబుతారు.

ఈలోగా శాఖలు కూడా శాయశక్తులా పోరాడాయి. కోదాడలో గోపయ్య చక్కెర మానేసి బెల్లం జిలేబీ ప్రవేశపెట్టాడు. బెల్లం షుగర్ కాదు గనుక రెండింతలు తినవచ్చని బోర్డు కట్టాడు. సూర్యాపేట శాఖ నడకబాట వేయించింది. ప్రారంభోత్సవానికి సభ్యులందరూ కార్లలో వచ్చారు. కార్లు నిలపడానికి చోటు చాలక నడకబాట మీదే నిలిపారు. ఆ ఏర్పాటు ఎంతో అనుకూలంగా ఉండటంతో అలాగే కొనసాగిస్తున్నారు.

రెండో నెలలో మురళీధర్‌కు ఒక సుగుణం కనబడింది. అరికాళ్ల కింద దూది పరిచినట్టు హాయిగా ఉంది. ఒక రోజు ఇంట్లోకి రాగానే స్వరాజ్యలక్ష్మి కిందికి చూసి, "ఏందండీ, ఒక్క చెప్పుతోనే వచ్చిన్రు?" అంది. రెండోది ఎక్కడ ఊడిందో ఆయనకు తెలియలేదు. "నడిచీ నడిచీ కాళ్లు తేలికైనయే!" అని మురిసిపోయాడు.

మూడు నెలలు నిండాయి. ల్యాబు మనిషి నెత్తురు తీసుకోవడానికి మిల్లుకు వచ్చాడు. సూది చూడగానే మురళీధర్ ముఖం తిప్పుకుని గేటు వైపు చెయ్యి చూపించాడు. నడిచింది కిష్ట్యా. తిన్నది కిష్ట్యా. ఆ నడకకు, ఆ తిండికి నెత్తురు ఎవరు ఇవ్వాలి? ఇందులో మోసం ఎక్కడుందో వెతికినా దొరకదు. రిపోర్టు మీద పేరు మాత్రం యజమానిది. బియ్యం బస్తా మీద కూడా అంతే కదా.

ఆరు పాయింట్ ఆరు.

సూర్యాపేట ఫంక్షన్ హాలులో విజయోత్సవ సభ. ముఖ్య అతిథి డాక్టర్ ఉమారాణి. గోపయ్య మైకు పట్టుకుని ఊగిపోయాడు. "పదివేల అడుగులు వేసిన పాదాలండీ ఇవి! పూజించాల్సిన పాదాలండీ!"

అందరూ ఆ పాదాల వైపు చూశారు. ఒక దానికే చెప్పుంది.

హాలంతా చప్పట్లు. "ఎంత నిరాడంబరత!" అన్నారు ముందు వరుసలో.

అప్పుడే వెనక నుంచి కిష్ట్యా రెండో చెప్పు పట్టుకుని పరుగున వచ్చాడు. "సేటూ, కారు దిగినకాడనే ఊడింది. పిలుస్తుంటే పోతనే ఉంటిరి."

ఉమారాణి కుర్చీలోంచి లేచింది. అధ్యక్షుల వారి కాలెత్తి చూసింది. మడమలో చిన్న మేకు దిగి ఉంది. చుట్టూ చీము.

"ఇది ఎప్పుడు గుచ్చుకున్నది?"

"ఏది?" అన్నాడు మురళీధర్.

ఆమె సంచిలోంచి మీటరు తీసి, ఆయన కళ్లు మూసుకునేలోగా వేలు పొడిచింది. మూడు వందల ఎనభై ఆరు. సభ బల్ల మీదున్న రిపోర్టు చూసింది. మనిషిని చూసింది. మళ్లీ రిపోర్టు చూసింది.

"ఈ నెత్తురు ఎవరిది?"

"నాదే మేడం," అన్నాడు కిష్ట్యా, చెప్పు చంకలో పెట్టుకుని. "బాగున్నదా?"

"నీది మస్తుగున్నది నాయనా. మురళీధర్ గారూ, మీరు ఇప్పుడే దవాఖానకు నడువుండ్రి... వద్దు, నడవకుండ్రి. ఎత్తుకొస్తరు. కాలు ఉండాల్నంటే ఇయ్యాల్టి నుంచే ఇన్సులిన్."

మురళీధర్ చెమటలు తుడుచుకుని, ఆమె చెవి దగ్గరికి వంగి, జీవితంలో ఎన్నడూ లేనంత వినయంగా అడిగాడు. "మేడం, ఆ సూది కూడా కిష్ట్యాకే ఎయ్యరాదుండ్రి?"

కిష్ట్యా రెండడుగులు వెనక్కి వేశాడు. గడియారం ఆ రెండూ లెక్కపెట్టింది. "నడిస్తి. తింటి. నెత్తురిస్తి. సూది మాత్రం మీదే సేటూ."

కాలు దక్కింది. ఇరవై రోజులు దవాఖానలో పట్టింది. పుండు మానాక మురళీధర్ మంచం నుంచి తలుపు దాకా వెళ్లి వచ్చాడు. నలభై ఏళ్ల యజమాని మొదటిసారి సొంతంగా చేసిన పని. గ్రూపులో పెట్టాడు: ఇరవై రెండు. దండాల బొమ్మలు రాలేదు. "సున్నాలు మర్చిపోయినట్టున్నరు అధ్యక్షా" అని ఒకాయన సరిచేశాడు.

అధ్యక్షా అనడంలో పొరపాటేమీ లేదు. నియమం ప్రకారం షుగర్ ఎక్కువున్నవారే అధ్యక్షులు కనుక మురళీధర్ తిరిగి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. కిష్ట్యా సభ్యత్వానికి పెట్టుకున్న దరఖాస్తు, తగిన షుగర్ లేనందున తిరస్కరించబడింది.

సభలో తీసిన ఫోటో మాత్రం మూడు ఊళ్లూ దాటిపోయింది. ఒంటి చెప్పుతో నడిస్తే షుగర్ ఆరున్నరకు దిగుతుందని దాని కింద ఎవరో రాశారు. ఇప్పుడు సూర్యాపేటలో పెద్దమనుషులు ఒక చెప్పు ఇంట్లో వదిలి, కారెక్కి నడకబాటకు వెళుతున్నారు.

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మీరు నమ్మలేదు, తెలివైనవారు. ఇది చదవడం మొదలుపెట్టినప్పుడు ఎక్కడ కూర్చున్నారో ఇప్పుడూ అక్కడే ఉన్నారు. పక్కన పళ్లెం మాత్రం ఖాళీ అయింది.