భాయ్‌ని ఓడించినవాడు

“ప్రపంచ షటిల్ చరిత్రలో ఓటమి ఎరుగని ఏకైక వీరుడు మన గడ్డ మీద పుట్టినందుకు ప్రజలకు శుభాకాంక్షలు. ఆడినవి పదకొండు. గెలిచినవి పదకొండు. ఓడినవి సున్న. ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లు సున్న. గెలుపు శాతం నూరు.”

ఇంత శుభవార్తను మోస్తున్న ఫ్లెక్సీని శామీర్‌పేట చౌరస్తాలో రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టినవాడు గౌరయ్య. ముప్పై ఏళ్లుగా నరసింహ పటేలు బ్యానర్లు, ఫ్లెక్సీలు అన్నీ ఆయనే కడుతున్నాడు. మాట తక్కువ, ముడి గట్టి. ఫ్లెక్సీలో నరసింహ కొడుకు అన్వేష్ బ్యాట్ పట్టుకొని గాల్లో ఉన్నాడు. ఆ ఫొటో తీసినరోజు అతను స్టూలు మీద నుంచి దూకాడు. స్టూలు కదలకుండా పట్టుకున్నదీ గౌరయ్యే. తర్వాత ఫొటోలోంచి స్టూలును తీసేశారు. గౌరయ్యను కూడా తీసేశారు.

నరసింహ సామాన్యుడు కాడు. కీసర దాకా ఉన్న తాతల పొలాలను ప్లాట్లు చేసి, ప్లాట్ల మీదుగా నడిచి మున్సిపాలిటీలో పదవికి చేరుకున్న కృషీవలుడు. ఇంట్లో ఒక క్రీడాకారుడు ఉంటే యువత ఓట్లు పడతాయని పార్టీలో ఎవరో అన్నారు. అదే రోజు కొడుకును క్రీడాకారుణ్ణి చేశాడు. మొదట క్రికెట్ అనుకున్నాడు. అందులో మిగతా పదిమంది పేర్లు కూడా పేపర్లో వేస్తారని తెలిసి షటిల్‌కు మార్చాడు.

ఖాట్మండులో పోటీ ఉన్నా, కరీంనగర్‌లో పోటీ ఉన్నా నరసింహ రెండు రోజులు ముందే వెళ్లి నిర్వాహకులకు శాలువాలు కప్పేవాడు. మొదటి రౌండు అన్వేష్ గెలిచేవాడు. రెండో రౌండు నాటికి కాలు బెణికేది. కాలు మారేది గానీ బెణుకు మారేది కాదు. మిగిలిన రోజుల్లో తండ్రీకొడుకులు ఊరు చూసి వచ్చేవారు.

పోటీ జాబితాను ఫోన్‌లో చూడటం నరసింహకు అలవాటు. కొడుకు పేరు ఎదుట ప్రతిసారీ ఒకే పేరు కనబడేది. ఇంగ్లీషులో బి, వై, ఈ. ఆయన కూడబలుక్కొని చదివాడు. భై. భాయ్.

“గీ భాయ్ ఎవడ్రా? నేపాల్‌ల వాడే, కొలంబోల వాడే, నిజామాబాద్‌ల గూడ వాడేనా?”

“అవ్ నాయినా. వాడే.”

“ప్రతిసారి నీ చేతులనే ఓడుతుండు. మళ్ల వస్తుండు. సిగ్గు లేకున్నా పట్టుదల ఉన్నది కొడుక్కి. మన పార్టీల గిసుంటోళ్లు కావాలె.”

కొడుకు ఫోన్ వైపు చూశాడు. ఆనాటి నుంచి నరసింహ ఏ సభలో మాట్లాడినా భాయ్ ప్రస్తావన వచ్చేది. “మీరు భాయ్ పేరు వినలేదేమో. దునియా అంతా తిరిగి ఆడుతడు. అసుంటోన్ని మా పిలగాడు పదకొండుసార్లు మట్టి కరిపించిండు.” జనం చప్పట్లు కొట్టేవారు. భాయ్ ఎవరని అడిగిన ఒకరిద్దరిని పక్కవాళ్లు జాలిగా చూసేవారు.

ఇంతలో ప్రభుత్వం ‘విజయ బాట’ పథకం ప్రకటించింది. నియోజకవర్గానికి ఒక్కరిని ఎంపిక చేస్తారు. మూడేళ్లు అకాడమీలో ఉంచి నేర్పుతారు. కోచ్, తిండి, బ్యాట్లు, పోటీలకు ప్రయాణాలు అన్నీ ప్రభుత్వానివే. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా లేదు. పంతొమ్మిదేళ్లు నిండితే మాత్రం పనికిరారు.

గౌరయ్య మనవరాలు నయనకు దసరాకు పంతొమ్మిది నిండుతాయి. ఆ పిల్ల కమ్యూనిటీ హాలులో సిమెంటు నేల మీద ఆట నేర్చుకుంది. పెళ్లిళ్లు ఉన్నరోజు హాలు దొరకదు, ఆరోజు గోడకు కొడుతుంది. బ్యాటు ఫ్రేము పగిలితే టేపు చుట్టింది. జిల్లాలు తిరిగి నలభై ఆరు మ్యాచ్‌లు ఆడింది. ముప్పై ఏడు గెలిచింది, తొమ్మిది ఓడింది. ఈ సీటు దక్కకపోతే ఆట ఇక్కడికి ఆఖరని ఆమెకు తెలుసు. గౌరయ్యకూ తెలుసు.

ఎంపిక కమిటీకి నరసింహ అధ్యక్షుడు. లెక్కలు చూడటానికి జానకిరామయ్య గారిని వేసుకున్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి, గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. వాన పడితే ఆయన గేటు ముందు మోకాలి లోతు నీళ్లు. రోడ్డు వేయించమని రెండేళ్లుగా నరసింహ చుట్టూ తిరుగుతున్నాడు. ఫ్లెక్సీలో ‘గెలుపు శాతం నూరు’ అన్న మాట కూడా ఆయన కలం నుంచి వచ్చిందే.

“చూడండి నరసింహగారూ, మన బాబు ఓటమి శాతం సున్న. ఈ అమ్మాయిది ఇంచుమించు ఇరవై. ప్రభుత్వ ధనంతో ఓటమిని ప్రోత్సహించడం భావ్యం కాదండి.”

నయన గుమ్మం దగ్గరే ఉంది. “సార్, అన్వేష్ రెండో రౌండుల ఒక్కసారన్న ఆడిండా?”

“ఆడకుండా తప్పుకోవడం ఓటమి కాదమ్మా. శాస్త్రం ఒప్పుకోదు.”

“నువ్వు గూడ తొమ్మిదిసార్లు తప్పుకుంటే అయిపోతుండె గదా బిడ్డా” అన్నాడు నరసింహ ప్రేమగా. “ఎవరాడమన్నరు నిన్ను?”

రాత్రి అన్నం దగ్గర నయన ముద్ద ముట్టలేదు. “తాతా, భాయ్ అంటే మనిషి గాదు.”

“మరెవలు?”

“ఎవలు గాదు. అది బై. ఆడెటోళ్లు బేసిగుంటే ఒకలకు జోడి దొరకదు. అవతల ఎవలు లేరని బై అని రాస్తరు. వాడు బ్యాట్ పట్టకుంటనే ముందలికి పోతడు.”

గౌరయ్య కాసేపు నమిలాడు. “అంటే పదకొండుసార్లు...”

“ఖాళీ జాగను ఓడగొట్టిండు.”

“వాళ్లకు గది అలవాటే” అన్నాడు గౌరయ్య. “ఖాళీ జాగ కనవడ్డకాడల్ల గెలుస్తరు.”

ఆ నెల మొత్తంలో ఆయన మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

ఎంపిక ఉత్తర్వు రాయడానికి ముందే మంత్రిగారి పీఏ నుంచి ఫోన్ వచ్చింది. ఆదివారం మంత్రిగారు కొత్త ఇండోర్ స్టేడియం ప్రారంభిస్తారు. సీటు ఎవరికన్నది వేదిక మీద తామే ప్రకటిస్తారు. అంతకుముందు అన్వేష్ ఆట చూడాలని ముచ్చటపడుతున్నారు. ఆ భాయ్‌ని కూడా పిలిపించమన్నారు.

నరసింహ పొంగిపోయాడు. “ఫోన్ కొట్రా భాయ్‌కి.”

అన్వేష్ గోడకు ఆనుకున్నాడు. “నంబర్ లేదు నాయినా.”

“పదకొండుసార్లు ఆడినవ్, నంబర్ తీసుకోలేదా? ఏ ఊరోడు?”

“అన్ని ఊర్లల్ల ఉంటడు.”

“మంచోడేనా?”

“ఎక్కువ మాట్లాడడు.”

జానకిరామయ్య గారు తలెత్తి ఫ్యాన్ తిరిగే తీరును పరిశీలించసాగాడు. ఆయనకు బై అంటే తెలుసు. తన గేటు ముందు నీళ్లు ఎంత లోతో కూడా తెలుసు. “ఏమోనండి, వీసా ఇబ్బందులుంటాయేమో” అన్నాడు.

“మంత్రి ముంగట నా ఇజ్జత్ పోతది! ఎట్లన్న జేసి భాయ్‌ని తేవాలె!”

మూలన తాడు చుట్టుకుంటున్న గౌరయ్య తల ఎత్తాడు. “నేను తోల్కొస్త పటేలా.”

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. అడగకుండా ఆయన మాట్లాడటం అక్కడివారెవరూ చూసి ఎరగరు.

“నీకు భాయ్ ఎర్కనా కాకా?”

“ఎర్కనే. మన దిక్కే ఉన్నరు.”

ఆదివారం స్టేడియం నిండింది. మున్సిపాలిటీ ఊడ్చేవాళ్ల దగ్గరి నుంచి వెంచర్లలో కాపలావాళ్ల దాకా అందరినీ డీసీఎం వ్యాన్లలో తెచ్చారు. స్కోరుబోర్డు మీద ఒకవైపు అన్వేష్ అని, ఒకవైపు భాయ్ అని రంగుల్లో రాయించారు. మంత్రిగారి బండ్ల హారన్లు వినబడుతుండగా గౌరయ్య నయన చెయ్యి పట్టుకొని పక్క తలుపులోంచి వచ్చాడు.

నరసింహ గుడ్లు తేలేశాడు. “గీ పొల్ల నీ మనవరాలు గదా?”

“ఇయ్యాల్టికి గీమెనే భాయ్.”

నరసింహ ఒక్క క్షణం ఆలోచించాడు. రాజకీయాల్లో ఆయన పైకి వచ్చింది ఇలాంటి క్షణాల్లోనే. మొహం విప్పారింది. “శాన మంచిగ జేసినవ్ కాకా. అసలు భాయ్ వస్తే మావోడు జర చెమటోడ్చాల్సొచ్చేది.”

అన్వేష్‌కు మాత్రం అప్పుడే చెమటలు పట్టాయి. నయన ఆట అతను చూశాడు. “అక్కా, మెల్లగ ఆడు” అన్నాడు నెట్ దగ్గరికి వచ్చి. వయసులో ఆమెకన్నా రెండు రోజులు పెద్ద.

“నువ్వు ఆడు ముందుగాల” అంది నయన.

మొదటి గేమ్ ఇరవై ఒకటి, రెండు. ఆ రెండూ నయన కొట్టిన షటిల్‌కాక్ గీత దాటి పడటం వల్ల అన్వేష్‌కు వచ్చినవి. రెండో గేమ్‌లో తొమ్మిది, సున్న దగ్గర అతని కాలు బెణికింది. ఈసారి ఎడమది.

మంత్రిగారికి షటిల్ తెలియదు. చప్పట్లు ఎటు పడుతున్నాయో మాత్రం తెలుసు. జనం లేచి నిలబడ్డారు. ఆయన కూడా లేచి మైకు అందుకున్నారు.

“భాయ్ అంటే ఎవరో అనుకున్నాను. ఆడబిడ్డ! మహిళా సాధికారత అంటే ఇదే! ప్రతిభకే పట్టం కట్టాలన్నది మా ప్రభుత్వ విధానం. ఈ నియోజకవర్గం విజయ బాట సీటును మన భాయ్‌కే ఇస్తున్నానని ఈ వేదిక మీద ప్రకటిస్తున్నాను!”

మంత్రి చప్పట్లు కొట్టారు కాబట్టి నరసింహ కూడా కొట్టాడు. గౌరయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. నయన ఆయన భుజం మీద తల పెట్టి నవ్వింది. వచ్చేటప్పుడు దారిలో ఆగి చెరుకురసం తాగారు. ఆయన రెండో గ్లాసు కూడా ఇప్పించాడు.

పదిరోజులకు ఉత్తర్వు వచ్చింది. తాత, మనవరాలు మేడ్చల్‌లోని క్రీడాశాఖ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు.

“సీటు వచ్చింది, సంతోషం. భాయ్ ఏరి?”

“నేనే సార్.”

“ఆధార్ ఇవ్వమ్మా. ఇందులో నయన అని ఉంది.”

“నా పేరు నయననే సార్. గా రోజు ఆడింది నేనే.”

“వీడియో చూశాను తల్లీ. ఎంత బాగా ఆడావు! కాని మంత్రిగారు మైకులో అన్నది భాయ్ అని. మినిట్స్‌లో భాయ్. ఉత్తర్వులో భాయ్. మంత్రిగారి మాట నేను దిద్దగలనా?” అధికారి కంప్యూటర్ వైపు చూశాడు. “నయన పేరు కూడా ఉందిలే. ఓటమి ఇరవై శాతం అని తిరస్కరించారు.”

“భాయ్ అని ఎవలు లేరు సార్” అన్నాడు గౌరయ్య.

“మీరే తీసుకొచ్చారని రాసి ఉంది పెద్దాయనా. ఇంకోసారి తీసుకురండి. ఆధార్‌తో. శుక్రవారం దాకా టైముంది.”

గౌరయ్య నరసింహ ఇంటికి వెళ్లాడు. నరసింహ అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. “నేనేం జేయాలె కాకా? మంత్రి మాటకు నేను అడ్డం పోతనా? భాయ్‌ని తెస్తనని నువ్వే అంటివి. నువ్వే తెస్తివి. ఇప్పుడు భాయ్ లేడంటే మంత్రి అబద్ధమాడినట్టు గాదా?”

శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా ఆఫీసు భాయ్ కోసం ఎదురుచూసింది. భాయ్ రాలేదు. నిబంధనల ప్రకారం సీటు తర్వాతి అర్హుడైన అన్వేష్‌కు వెళ్లింది.

జానకిరామయ్య గారు కళ్లజోడు తుడుచుకొని లెక్క సరిచేశాడు. “ప్రత్యర్థి హాజరు కాకపోతే వాకోవర్ అంటారండి. అది విజయమే. మొత్తం పన్నెండు.”

“మరి ఆదివారం ఆడినదో?” అని నరసింహ జంకుతూ అడిగాడు.

“అది ప్రదర్శన. ప్రదర్శనలు లెక్కలోకి రావండి.”

ఆ వారమే కాలనీకి తారు రోడ్డు పడింది. ఆయన గేటు దాకా వచ్చి ఆగింది. కొత్త స్టేడియానికి తాళం వేశారు. నయన మళ్లీ కమ్యూనిటీ హాలుకు వెళ్లింది. ఆరోజు హాలులో పెళ్లి ఉంది.

దసరా ముందు రోజు నరసింహ గౌరయ్యను పిలిపించాడు. కొత్త ఫ్లెక్సీ చుట్ట చేతిలో పెట్టాడు. “ఈసారి భాయ్ ఫొటో గూడ ఏపిచ్చిన కాకా. ఓడినోళ్లకు గూడ మనం ఇజ్జత్ ఇయ్యాలె.”

గౌరయ్య చౌరస్తాలో నిచ్చెన వేసుకొని చుట్ట విప్పాడు. ‘భాయ్‌పై పన్నెండో విజయం’ అని ఉంది. అన్వేష్ ఫ్లెక్సీ నిండా ఉన్నాడు, అదే పాత ఫొటో. కింద మూలన చిన్న గుండ్రంలో నయన ఉంది. ఆదివారం తీసింది. షటిల్‌కాక్‌ను కొట్టడానికి గాల్లోకి ఎగిరి ఉంది. ఆ ఫొటోలో తీసేయడానికి స్టూలు లేదు. కింద భాయ్ అని రాశారు.

గౌరయ్య ఒక కొస కట్టాడు. రెండో కొస కడుతుంటే కీసర బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తల బయటపెట్టాడు.

“కాకా, గా మూలకున్న పొల్ల ఎవలు? మస్తు ఎగిరింది!”

“భాయ్.”

“గామె ఓడిందా?”

“ఆ.”

“ఎవలతోని?”

గౌరయ్య ముడి బిగించాడు. కొంచెం వెనక్కి వంగి ఫ్లెక్సీని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

“ఖాళీ జాగతోని” అన్నాడు.