ఫ్లాస్కులతో వచ్చిన బావ

ఆదివారం శ్రీలేఖకు తాంబూలాలు. ఈలోగా ఒక్కసారి మొగుణ్ణి పుట్టింటి గడప ఎక్కించి, అన్నయ్యతో ఒక్క మాట మాట్లాడించాలని కనకదుర్గ పంతం. లేకపోతే మేనకోడలి శుభకార్యంలో తను ఒంటరిగా ఒక కుర్చీలో కూర్చుని, "మీ ఆయన రాలేదా?" అన్న ప్రతివాళ్ళకీ మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ అదే చెప్పింది. ఇక చెప్పలేనని గురువారం పొద్దున్నే మొగుడి ఎదుట కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పిచ్చేశ్వరరావు కరిగిపోయాడు. మనిషి మంచివాడే.

"సరే, వస్తాను. మీ అన్నయ్యని నేనే ముందు పలకరిస్తాను. కానీ కాఫీ మాత్రం నాదే" అన్నాడు.

బందరులో గిల్టు నగల దుకాణం నడుపుతున్న పిచ్చేశ్వరరావు బంగారం విషయంలో కాస్త సర్దుకుంటాడు గాని, కాఫీ విషయంలో సర్దుకోడు. ఇత్తడి ఫిల్టరులో దిగిన మొదటి డికాక్షను, అప్పుడే పొంగిన పాలు, అర చెంచా పంచదార. కలపగానే తాగెయ్యాలి. కలిపిన కాఫీని ఫ్లాస్కులో పొయ్యడం ఆయన దృష్టిలో హత్య. అందుకని ఆయన ఏ ఊరు వెళ్ళినా వెంట రెండు ఫ్లాస్కులు వెళ్తాయి. ఒకదాంట్లో డికాక్షను, ఇంకోదాంట్లో పాలు.

దివిసీమలో బావమరిది వెంకటాద్రి ఇంట్లో పద్ధతి వేరు. పాలూ పొడీ ఒకే గిన్నెలో మరిగించి, దించాక బెల్లం కలిపి, పైన మీగడ తేలుతుండగా పెద్ద గ్లాసు నిండా ఇస్తారు. ఆ ఇంటి గృహప్రవేశం నాడు పిచ్చేశ్వరరావు ఒక్క గుక్క తాగి, నలుగురిలో, "కాఫీ ఇమ్మంటే పాయసం ఇచ్చారేంటండీ?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. వెంకటాద్రి మొహం మాడిపోయింది. "మా ఇంట్లో ఇదే కాఫీ బావా. తాగితే తాగు, లేకపోతే లే" అన్నాడు. పిచ్చేశ్వరరావు లేచాడు. లేచినవాడు ఊరుకోకుండా గేటు దగ్గర నిలబడి, "ఈ ఇంట్లో ఎవరైనా పోతే తప్ప మళ్ళీ ఈ గడప తొక్కను!" అని ఊరంతా వినేలా అరిచాడు. తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాడు గాని, ఆ మాట ఊరికి గుర్తుండిపోయింది.

ఆ పూటే బయల్దేరారు. కారు ఉల్లిపాలెం వంతెన దాటుతుండగా కనకదుర్గ చూపు వెనక సీటులోని ఫ్లాస్కుల మీద పడింది.

"అవి కార్లోనే ఉంచండి. మీకు పుణ్యముంటుంది."

"తొమ్మిదింటికి కాఫీ పడకపోతే నాకు తల పగిలిపోతుందని నీకు తెలీదా?"

"ఒకళ్ళింటికి ఫ్లాస్కులతో కాఫీ పట్టుకెళ్ళేది ఎప్పుడండీ? ఆ ఇంట్లో మనిషి పోయి, పొయ్యి వెలిగించనప్పుడు! నిక్షేపంలా ఉన్న మా అన్నయ్య ఇంటికి..."

"చాదస్తం!"

ఆ ఒక్క మాటతో కనకదుర్గ మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. కోడూరు దాటి హంసలదీవి రోడ్డెక్కినా ఆపలేదు.

ఊరి మొదట్లో ఒక లారీ దారికడ్డంగా నిలబడి రొయ్యల మేత బస్తాలు దించుతోంది. ఇంకో అరగంట పడుతుందన్నారు. పిచ్చేశ్వరరావు కారు అక్కడే వదిలి నడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ కట్టే తెల్ల పంచె, తెల్ల చొక్కా. కాఫీ వేళ దాటుతున్నందుకు వేలాడుతున్న మొహం. ఇన్నేళ్ళ తర్వాత ఈ ఊళ్ళో ఎవరి కంట పడతానోనని దించుకున్న తల. చేతికొక ఫ్లాస్కు. వెనకాల కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కనకదుర్గ.

పాలకాయతిప్ప నుంచి చేపల గంపతో వచ్చిన చిట్టెమ్మ సరిగ్గా అప్పుడే వెంకటాద్రి వీధి మలుపు తిరిగింది. ఆ ఇంటికి పండుగప్ప ఇద్దామని వెళ్తోంది. చూసి, అక్కడే ఆగిపోయింది. చావుంటేనే గడప తొక్కుతానన్న మనిషి తెల్లబట్టల్లో, రెండు ఫ్లాస్కులతో వస్తున్నాడు. వెనక వెంకటాద్రి చెల్లెలు ఏడుస్తోంది. ఇంకేం తెలియాలి? చావింటికి చేపలు అమ్మకూడదని చిట్టెమ్మ గంప తిప్పుకుని టీకొట్టు దగ్గర దించింది.

"ఎంకటాద్రిగారు పోయారంట!" అంది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు షామియానాల వీరాంజనేయులు టీ గ్లాసు కింద పెట్టి.

"ఒకళ్ళు చెప్పేదేంటి బాబూ! ఆళ్ళ బందరు బావే వచ్చేశాడు. ఫ్లాస్కులట్టుకుని!"

వీరాంజనేయులు వెంటనే లేచాడు. వెంకటాద్రి ఆయనకి కావలసినవాడు. కళ్ళు తుడుచుకుని, గుడ్డా గుంజలూ పంపించి, అవనిగడ్డకు ఫోను చేసి ఫ్రీజర్ బాక్సు కూడా పురమాయించాడు. అడక్కుండా ఇంత సాయం చేసేవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటారు.

వెంకటాద్రి మాత్రం ఆ వేళకి రొయ్యల చెరువు గట్టున నిలబడి, నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతుంటే చూస్తూ పళ్ళు తోముకుంటున్నాడు. ఫోను ఇంట్లో ఛార్జింగు పెట్టి వచ్చాడు.

ఆ ఫోను అదేపనిగా మోగుతుంటే ఎత్తడానికి వెళ్ళబోయిన ఆయన భార్య సామ్రాజ్యం గుమ్మంలో అలికిడి విని ఇటు తిరిగింది. ఎదురుగా పిచ్చేశ్వరరావు. చేతుల్లో ఫ్లాస్కులు. పక్కన ఎర్రటి కళ్ళతో ఆడబడుచు. సామ్రాజ్యానికి మొగుడే గుర్తొచ్చాడు. చెరువు దగ్గర కరెంటుతో పని. భయపడుతూనే ఉంటుంది రోజూ.

"చెరువు దగ్గర ఏమైంది అన్నయ్యగారూ? ఆయనకేమైంది?" అంటూ గోడకి జారగిలబడింది.

కనకదుర్గ పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుంది. "అన్నయ్యకేమైంది వదినా?"

"మీరు చెప్పడానికొచ్చి నన్నడుగుతారేంటమ్మా!"

ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని గొల్లున ఏడ్చారు. ఆ ఏడుపు విని, అప్పటికే వీధిలో గుమిగూడినవాళ్ళు లోపలికొచ్చారు. "చెరువు దగ్గరంట", "ఏరియేటర్ కరెంటు కొట్టిందంట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. నాగేంద్రబాబు అనే ఎదురింటి కుర్రాణ్ణి బండి మీద చెరువు దగ్గరికి తోలారు. బయట గుంజలు పాతుతున్న చప్పుడు వినబడింది. ఇక అనుమానం ఎవరికీ లేకపోయింది.

పిచ్చేశ్వరరావు అరుగు మీద కూలబడ్డాడు. ఆయనకి బావమరిదంటే ఇష్టం. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి పాలకాయతిప్ప ఇసకలో కూర్చుని సముద్రం చూస్తూ గంటలు గడిపేవారు. ఇవాళ మాట్లాడదామని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు.

"ఆరోజు ఆ గ్లాసు తాగేస్తే పోయేది కదే దుర్గా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కానీ పెద్దమనిషిగా చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏడ్చేవాళ్ళ గొంతు తడపాలి. లోపల్నుంచి గ్లాసులు తెప్పించి, ఫ్లాస్కులు తెరిచి కలపడం మొదలుపెట్టాడు. అంత దుఃఖంలోనూ ముందు డికాక్షనే పోశాడు, తర్వాతే పాలు. కన్నీళ్ళు తుడుచుకుంటూనే, "పంచదార ఎంతమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. వచ్చినవాళ్ళంతా వెక్కుతూ తాగారు. కొందరు రెండోసారి కూడా వెక్కారు.

అక్కడ చెరువు గట్టు మీద, శవాన్ని తేవడానికి వెళ్ళిన నాగేంద్రబాబుకి వెంకటాద్రి నోట్లో బ్రష్షుతో ఎదురొచ్చాడు. నాగేంద్రబాబు బండి ఆపి, దూరంగానే నిలబడ్డాడు.

"మీ ఇంటి ముందు... షామియానా... మీ బందరు బావగారు... ఫ్లాస్కులతో..."

వెంకటాద్రి బ్రష్షు పారేశాడు. బావ గడప తొక్కాడంటే ఎవరో పోయారు. తను ఇక్కడున్నాడు. కూతురు శ్రీలేఖ విజయవాడలో ఉంది, తను ఇంట్లోంచి బయల్దేరేముందే ఫోనులో మాట్లాడింది. ఇంట్లో ఉన్నది ఒక్క సామ్రాజ్యమే. "అయ్యో సామ్రాజ్యం!" అంటూ బండి లాక్కుని ఎక్కాడు. వెనక కూర్చున్న నాగేంద్రబాబు ఆయన భుజం పట్టుకుని చూశాడు. వెచ్చగానే ఉంది. దారంతా మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నాడు.

షామియానా కిందికి వెంకటాద్రి ఉత్తికాళ్ళతో, బురద బట్టలతో పరిగెత్తుకొచ్చేసరికి జనం రెండుగా చీలిపోయారు. ఇద్దరు ముగ్గురు గుంజల చాటుకి తప్పుకున్నారు. వసారాలో కొంగులో మొహం దాచుకుని, స్తంభానికి చేరగిలబడి ఏడుస్తున్న సామ్రాజ్యం ఆయన కంటబడింది. ఏడుస్తోందంటే బతికే ఉంది! ఆ ఆనందానికి అరుగు మీద చతికిలబడ్డాడు. పక్కన తల దించుకుని గ్లాసులు కలుపుతున్న పిచ్చేశ్వరరావు ఇంకో పరామర్శ వచ్చిందనుకుని, చూడకుండానే ఒక గ్లాసు ఆ చేతిలో పెట్టాడు.

"తాగండి. ఇలాంటప్పుడే గుండె దిటవు చేసుకోవాలి" అన్నాడు.

వెంకటాద్రి గడగడా తాగేశాడు. మొహం చిట్లించాడు.

"ఇంత చేదేంటి బావా, ఇది!"

పిచ్చేశ్వరరావు చేతిలో ఫ్లాస్కు దబ్బున కింద పడింది. తల తిప్పి చూశాడు. బురదా, పళ్ళపేస్టు మరకా చూసుకోకుండా ఆ తెల్లచొక్కాతోనే బావమరిదిని వాటేసుకున్నాడు. సామ్రాజ్యం ఒక కేకపెట్టి వచ్చి మొగుడి రెండు చేతులూ పట్టుకుంది. కనకదుర్గ మాత్రం ఉన్నచోటే కూర్చుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇద్దర్నీ అలా చూడాలని ఎన్నాళ్ళుగా అనుకుందో!

కాసేపటికి వెంకటాద్రి తేరుకున్నాడు.

"ఇంతకీ పోయిందెవరు?"

జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఫ్లాస్కుల వంక చూశారు. పిచ్చేశ్వరరావు వాటిని పంచె చాటుకి జరిపాడు. ఇంతలో గేటు దగ్గరికి ఒక వ్యాను రివర్సులో వచ్చి ఆగింది.

"వెంకటాద్రి గారి ఇల్లిదేనాండీ? బాక్సు ఎక్కడ దించమంటారు?" అని అడిగాడు డ్రైవరు.

"వెంకటాద్రిని నేనే. వెనక్కి తీసుకెళ్ళు" అన్నాడు వెంకటాద్రి.

డ్రైవరు ఇంకేమీ అడక్కుండా తీసుకెళ్ళాడు.

పిచ్చేశ్వరరావుకి అప్పుడు గుర్తొచ్చింది, తల పగిలిపోతోందని. ఇందాకట్నించి అందరికీ కలిపిచ్చాడు గాని తనకి గుక్కెడు మిగల్చలేదు. డికాక్షను అడుగంటింది. పాల ఫ్లాస్కు కిందపడి లోపలి గాజు ముక్కలైంది. రెండు చేతుల్తో కణతలు నొక్కుకుని కూర్చున్నాడు.

సామ్రాజ్యం లోపలికి వెళ్ళింది. కాసేపటికి పెద్ద గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడింది. పైన మీగడ తేలుతోంది. బెల్లం వాసన వసారా అంతా కమ్ముకుంది.

"మా ఇంట్లో ఇదే కాఫీ అన్నయ్యగారూ" అంది, భయం భయంగా.

షామియానా కింద ఒక్కరూ కదల్లేదు. వెంకటాద్రి అటు తిరిగి గుంజ వంక చూస్తున్నట్టు నటించాడు. పిచ్చేశ్వరరావు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎత్తిన గ్లాసు దించకుండా, మీసానికి మీగడ అంటేదాకా తాగాడు. ఖాళీ గ్లాసు చాపాడు.

"ఇంకాస్త పాయసం పొయ్యమ్మా చెల్లెమ్మా."

ముందు నవ్వింది వెంకటాద్రి. ఆయన నవ్వితే ఊరు నవ్వింది.

"ఆదివారం తాంబూలాలు నా పక్కన కూర్చుని నువ్వే అందుకోవాలి బావా. ఒరేయ్ వీరాంజనేయులూ, ఆ షామియానా ఇక విప్పకు!"

"ఇది తెల్లదండీ, శుభానికి పనికిరాదు. రంగులది వేస్తాను" అన్నాడు వీరాంజనేయులు, ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే.

అప్పుడు జనంలోంచి తోసుకుంటూ వచ్చి, చిట్టెమ్మ గంప అరుగు మీద దించింది.

"అయితే ఎవరూ పోలేదన్నమాటేగా అమ్మగోరూ! మరి పండుగప్ప ముక్కలు కొట్టమంటారా?"